వేషం అడగడానికి వెళ్ళే ముందు



ఇవాళ నాటకంలో వేషం అడగబోయే వాళ్ళతో నాలుగు మాటలు చెప్పాలని వచ్చాను. ఆడిషన్ అంటున్నాం, పాత్రల ఎంపిక అంటున్నాం. ఏ పేరుతో పిలిచినా పని ఒకటే. సినిమా కంపెనీల జోలికి నేను పోవడం లేదు. మన ఊరి నాటక సమాజం గురించే చెప్తాను. పగలంతా ఉద్యోగాలూ వ్యాపారాలూ చూసుకుని, సాయంత్రం ఏ బడి హాల్లోనో, ఏ గ్రంథాలయం మేడ మీదో రిహార్సల్స్ వేసుకునే మనుషుల గురించి చెప్తాను.

అలాంటి సమాజం ఒకటి ఈ ఏడాది 'కన్యాశుల్కం' ఆడాలనుకుంది అనుకోండి. వచ్చే ఆదివారం పాత్రల ఎంపిక అని కబురు పెట్టింది. మీకు వెళ్ళాలని ఉంది. భయంగానూ ఉంది. ఏం చదువుకుని వెళ్ళాలి? అక్కడ ఏం చెయ్యాలి? ఎంపిక చేసేవాళ్ళు మనలో ఏం చూస్తారు? ఈ కాసేపూ అదే మాట్లాడుకుందాం.

అసలు మాట ముందే చెప్పేస్తాను. నేను చెప్పినదంతా మర్చిపోయినా ఈ ఒక్కటీ గుర్తుంటే చాలు. మీరు చదవబోయే పాత్రకి ఆ సమయంలో ఏం కావాలి? ఎవరి దగ్గర్నుంచి కావాలి? ఈ రెండు ప్రశ్నలకీ జవాబు వెతుక్కుని వెళ్ళండి. ఏం కావాలి? ఎవరి దగ్గర్నుంచి కావాలి? గొంతు, చెయ్యి తిప్పడం, నడక, నవ్వు, అన్నీ ఆ జవాబు వెనకాలే వస్తాయి.

మన ఇళ్ళల్లో జరిగేదే ఒకటి చెప్తాను. పొద్దున్నే ఒక చుట్టం వచ్చాడు. చేతిలో అరటిపళ్ళ అత్తం ఉంది. పిల్లవాణ్ణి దగ్గరికి తీసుకున్నాడు. ఎంత ఎదిగిపోయాడమ్మా అన్నాడు. కాఫీ బావుందన్నాడు. గోడలకి కొత్తగా వేయించిన రంగు బావుందన్నాడు. ఇంటాయన ఉద్యోగం సంగతి అడిగాడు. ఇంతసేపూ అప్పు అనే మాట ఆయన నోట రాలేదు. కానీ వంటింట్లో ఉన్న పెద్దావిడకి తెలిసిపోయింది, ఈయన చేబదులుకి వచ్చాడని. ఎలా తెలిసింది? కాఫీ బావుందన్నప్పుడు ఆయన చూపు గ్లాసు మీద లేదు, ఇంటాయన ముఖం మీద ఉంది. ఒక్కో మాటా అని ఒక్క క్షణం ఆగాడు. అవతలి మనిషి మెత్తబడ్డాడా లేదా అని చూశాడు. మెత్తబడలేదనిపిస్తే ఇంకో మాట ఎత్తుకున్నాడు.

మాటలన్నీ కాఫీ గురించీ, గోడల రంగు గురించీ. కోరిక మాత్రం డబ్బు గురించి. మాట పైకి వినపడుతుంది. కోరిక లోపల ఉండి ఆ మాటని నడిపిస్తుంది. ఆ చుట్టం ఎక్కడా నటన నేర్చుకోలేదు. అయినా ఆయన చూపు, ఆగడం, గొంతు తగ్గించడం అన్నీ సరిగ్గా కుదిరాయి. ఎందుకంటే ఆయనకి ఏం కావాలో తెలుసు. ఎవరి దగ్గర్నుంచి కావాలో తెలుసు. వేషం అడగడానికి వెళ్ళే మనకి ఆ రెండూ తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

ఇక నాటకం దగ్గరికి వద్దాం. గురజాడ అప్పారావు గారి 'కన్యాశుల్కం' మొదటిసారి విజయనగరంలో 1892లో ఆడారు. 1897లో అచ్చయింది. తర్వాత గురజాడ దాన్ని బాగా పెంచి, మార్చి, 1909లో మళ్ళీ అచ్చు వేయించారు. మనం ఇప్పుడు చదివేదీ, ఆడేదీ ఆ రెండోదే. ఏడంకాల నాటకం. ఉన్నది ఉన్నట్టు ఒక్క రాత్రిలో ఆడటం మన సమాజాలకి కష్టం. అందుకని ఎవరికి వారు కుదించుకుని ఆడుతుంటారు. కాబట్టి మీరు మొదట చెయ్యాల్సిన పని ఇది. సమాజం వాళ్ళ దగ్గరికి వెళ్ళి, ఏ స్క్రిప్టు ఆడుతున్నారో అడగండి. ఎంపిక రోజున ఏ సన్నివేశాలు చదివిస్తారో అడగండి. సిగ్గుపడకండి. వాళ్ళు సంతోషంగా చెప్తారు.

రెండో పని, మొత్తం నాటకం చదవండి. వాళ్ళిచ్చే రెండు జిరాక్సు కాగితాలతో సరిపెట్టుకోకండి. ఏడంకాలూ చదవండి. పైకి చదవండి. ఇంట్లో వాళ్ళకి వినపడేటట్టు చదవండి. గురజాడ దాన్ని చెవి కోసం రాశారు. అగ్రహారం బ్రాహ్మల మాట ఒకలా ఉంటుంది, నౌకర్ల మాట ఒకలా ఉంటుంది, కోర్టు పక్షుల మాట ఒకలా ఉంటుంది. కళ్ళతో చదివితే ఆ తేడా తెలీదు. నోటితో అంటే వెంటనే తెలుస్తుంది.

ఇప్పుడు పెద్ద ఆటంకం ఒకటి చెప్పాలి. కన్యాశుల్కం లాంటి పాత నాటకానికి వెళ్ళేటప్పుడు మనం ఒంటరిగా వెళ్ళం. మన వెంట ఎందరో మహానటులు వస్తారు. 1955లో పి. పుల్లయ్య గారు తీసిన సినిమా ఉంది. అందులో గిరీశం ఎన్.టి. రామారావు గారు, మధురవాణి సావిత్రి గారు. రంగస్థలం మీద జె.వి. రమణమూర్తి గారి గిరీశం, ఆయన అన్నగారు జె.వి. సోమయాజులు గారి రామప్పపంతులు ఉన్నారు. చూసినవాళ్ళు ఇప్పటికీ ఆ పేర్లు తలుచుకుంటారు. ఆ గొంతులు మన చెవుల్లో ఉంటాయి. నోరు తెరవగానే వాళ్ళలా అనాలనిపిస్తుంది. నూటికి తొంభై మంది అక్కడే దెబ్బ తింటారు. ఎందుకంటే మనం వాళ్ళ దగ్గర్నుంచి తెచ్చుకునేది వాళ్ళ గొంతు ఒక్కటే. ఆ గొంతు వెనకాల వాళ్ళు పెట్టుకున్న కోరిక మనకి తెలీదు. వాళ్ళని గౌరవించండి. వాళ్ళ నటన చూడండి. కానీ ఎంపికకి ముందు వారం రోజులు మాత్రం ఆ సినిమా చూడకండి. పుస్తకం చదవండి.

గిరీశాన్నే తీసుకుందాం. మొదటి అంకం. విజయనగరంలో బొంకులదిబ్బ. గిరీశానికి ఊళ్ళో నిలవడం కష్టంగా ఉంది. అప్పులున్నాయి. పూటకూళ్ళమ్మ డబ్బు తీసుకుని మధురవాణి కోసం ఖర్చు పెట్టేశాడు. ఆ సంగతి బయటపడేలా ఉంది. కొన్నాళ్ళు ఎక్కడికైనా పోవాలి. అప్పుడు శిష్యుడు వెంకటేశం వస్తాడు. పరీక్ష తప్పాడు. సెలవలకి ఇంటికెళ్తే తండ్రి ఏం చేస్తాడో అని హడలిపోతున్నాడు.

ఇప్పుడు అడగండి. గిరీశానికి ఏం కావాలి? తిండీ నీడా దొరికే ఒక ఇల్లు. ఎవరి దగ్గర్నుంచి కావాలి? ఈ కుర్రాడి దగ్గర్నుంచి. కానీ ఆ మాట పైకి అనకూడదు. అంటే గురువుగారి పెద్దరికం పోతుంది. అందుకని, నీకు చదువు చెప్పడానికి నేనే మీ ఊరు వస్తానంటాడు. తను ఉపకారం చేస్తున్నట్టు మాట్లాడతాడు. చేబదులుకి వచ్చిన చుట్టం గుర్తొచ్చాడు కదా? సరిగ్గా అదే మనిషి. మాటేమో చదువు గురించి. కోరికేమో నెల రోజుల భోజనం గురించి.

మరి వెంకటేశానికి ఏం కావాలి? తండ్రి చేతిలో దెబ్బలు తప్పాలి. తోడుగా పెద్దమనిషి ఎవరైనా ఉంటే బావుణ్ణు అనుకుంటున్నాడు. ఒకరికి కావాల్సింది ఇంకొకరి దగ్గరుంది. ఇద్దరూ ఆ మాట దాచుకుంటున్నారు. ఈ ఇద్దరి బేరం తెలిస్తే ఆ సన్నివేశం దానంతట అదే నడుస్తుంది. తెలియకపోతే, గిరీశం వేసినవాడు ఇంగ్లీషు ముక్కలు గిరగిరా తిప్పి మురిసిపోతాడు. వెంకటేశం వేసినవాడు బొమ్మలా నిలబడతాడు.

ఒక ఎంపికలో నేను చూసింది చెప్తాను. ఒక బడి హాలు. బల్ల వెనకాల దర్శకుడు, ఇంకో ఇద్దరు పెద్దలు కూర్చున్నారు. పైన పాత ఫ్యాను గరగరమంటోంది. ఒక యువకుడు గిరీశం చదవడానికి లేచాడు. మంచి ఎత్తు, మంచి గొంతు. మొదటి మాటకే కనుబొమ్మ ఎగరేశాడు. చుట్ట పట్టుకున్నట్టు రెండు వేళ్ళు పెట్టాడు. సినిమాలో గిరీశం దిగొచ్చాడు. పక్కన కూర్చున్న వాళ్ళు నవ్వారు కూడా. కానీ అతను వెంకటేశం వైపు ఒక్కసారీ చూడలేదు.

దర్శకుడు విసుక్కోలేదు. నెమ్మదిగా ఒక ప్రశ్న అడిగాడు. "బాబూ, ఈ కుర్రాడు ఇప్పుడు మా ఊరు రావద్దండీ అన్నాడనుకో. రాత్రికి నువ్వెక్కడ తింటావు?" ఆ యువకుడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి కనుబొమ్మ ఎగరలేదు. ఒక్కో వాక్యం చివరా వెంకటేశం ముఖం చూశాడు. కుర్రాడు తల వంచుకుంటే ఇతనూ వంగి చూశాడు. కుర్రాడు కొంచెం తేలికపడగానే గొంతులో ధీమా వచ్చింది. చేతిలో ఆ కాగితాలే. అందులో ఆ మాటలే. కానీ ఇప్పుడు గదిలో ఎవరూ ఫ్యాను చప్పుడు వినలేదు. అతనికి ఆ వేషం ఇచ్చారు.

అతను కొత్తగా నేర్చుకున్నది ఏమీ లేదు. గిరీశానికి ఏం కావాలో, ఎవరి దగ్గర్నుంచి కావాలో అతనికి అప్పుడు తెలిసింది. అంతే.

మగ పాత్రల్లో ఇంకొకటి చూద్దాం. అగ్నిహోత్రావధాన్లు. వెంకటేశం తండ్రి. కోపిష్టి. వేషం అడగడానికి వచ్చినవాళ్ళలో చాలామంది మొదటి మాట నుంచే అరుస్తారు. అరిచి అరిచి రెండో కాగితానికి గొంతు పోగొట్టుకుంటారు. ఆగండి. ఆయనకి ఏం కావాలి? చిన్న కూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లకి ఇచ్చి పద్దెనిమిది వందలు పుచ్చుకోవాలి. భార్య వెంకమ్మ ఏడుస్తోంది. బావమరిది కరటకశాస్త్రి అడ్డం పడుతున్నాడు. తన ఇంట్లో తన మాటకి ఎదురు లేకుండా చెయ్యాలి. అందుకు అరుస్తున్నాడు. అరుపు ఆయనకి ఒక సాధనం. అది పనిచేస్తున్నంతసేపూ వాడతాడు. పనిచెయ్యకపోతే ఇంకా పెంచుతాడు. అలా చూసుకుంటే ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడికి పెంచాలో మీకే తెలుస్తుంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి, గురజాడ ఈ నాటకం ఎందుకు రాశారో గుర్తు చేసుకోవాలి. మొదటి కూర్పు ముందుమాటలో ఆయన కొన్ని లెక్కలు ఇచ్చారు. విజయనగరం మహారాజు ఆనందగజపతి గారు విశాఖపట్నం ప్రాంతపు బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్ళలో జరిగిన కన్యాశుల్కం పెళ్ళిళ్ళ జాబితా తయారు చేయించారు. లెక్కకి దొరికినవి 1034 పెళ్ళిళ్ళు. అందులో అయిదేళ్ళ పిల్లలు 99 మంది. ఏడాది వయసు పసిపాపలు ముగ్గురు. అగ్నిహోత్రావధాన్లు వేషం అడిగేవాళ్ళు ఈ సంగతి మనసులో పెట్టుకోవాలి. ఆయన అరుపులకి సభ నవ్వుతుంది. నవ్వనివ్వండి. కానీ ఆయన అమ్ముతున్నది ఒక పసిపిల్లని. ఆయనకి అది తప్పని తోచదు. తోచనివాడిగానే మీరు నిలబడాలి. దుర్మార్గుణ్ణి చూపిస్తున్నానని మీరు కళ్ళు ఉరమక్కర్లేదు.

ఇప్పుడు ఆడ పాత్రల మాట. వెంకమ్మకి డైలాగులు తక్కువని చాలామంది చిన్నచూపు చూస్తారు. రెండో అంకంలో ఆవిడ కొడుకు వెంకటేశాన్నీ గిరీశాన్నీ ఇంగ్లీషులో మాట్లాడమని అడుగుతుంది. వాళ్ళు నోటికొచ్చిన పాఠం ముక్కలు వల్లిస్తారు. ఆవిడ మురిసిపోతుంది. ఆవిడకి ఏం కావాలి? కొడుకు చదువు మీద పెట్టిన డబ్బు వృథా కాలేదని తెలియాలి. అంతకంటే ఎక్కువగా, ఆ సంగతి మొగుడికి తెలియాలి. చదువు దండగని రోజూ దెప్పే మొగుడు అక్కడే ఉన్నాడు. కాబట్టి వెంకమ్మ చదివే ఆవిడ కొడుకు వైపు చూసి మురిసిపోతే సరిపోదు. ఒక్కసారి మొగుడి వైపు కూడా చూడాలి. ఆ ఒక్క చూపుతో వేషం మీదైపోతుంది.

బుచ్చమ్మ ఉంది. వెంకమ్మ పెద్ద కూతురు, చిన్నతనంలోనే భర్త పోయిన పిల్ల. గిరీశం ఆమె వింటోందని తెలిసే వితంతు వివాహం గురించి ఉపన్యాసాలు మొదలుపెడతాడు. బుచ్చమ్మకి మాటలు కొద్ది. వినడమే ఎక్కువ. ఎంపికలో బుచ్చమ్మ చదవమంటే కొందరు అమ్మాయిలు, నా డైలాగు ఎప్పుడొస్తుందా అని కాగితంలోకి చూస్తూ ఉంటారు. అలా చెయ్యకండి. అవతలి వాళ్ళు మాట్లాడుతున్నప్పుడే దర్శకుడు మిమ్మల్ని చూస్తాడు. ఆ మాటలు మీకు కొత్తగా వినపడుతున్నాయా? మీకు ఇంకో బతుకు ఉంటుందని జీవితంలో మొదటిసారి ఒకడు అంటున్నాడు. అది విన్న పిల్ల ముఖం ఎలా ఉంటుంది? మళ్ళీ చెప్తున్నాను. మీ వంతు రాని సమయంలోనే మీకు వేషం వస్తుంది. వినండి. అవతలి మనిషి మాట నిజంగా వినండి.

మధురవాణి కష్టమైన పాత్ర. అందమైన చీర కట్టుకుని, తిప్పుకుంటూ నడిస్తే మధురవాణి అవుతుందనుకుంటారు. కంటె సన్నివేశం చదవండి. లుబ్ధావధాన్ల పెళ్ళికి ఎరువిచ్చిన కంటె తిరిగి రాలేదని రామప్పపంతుల్ని ఆవిడ నిలదీస్తుంది. పెళ్ళికూతురు ఆడపిల్ల కాదనీ, సుబ్బి పెళ్ళి తప్పించడానికి కరటకశాస్త్రి ఆడ వేషం వేయించిన తన శిష్యుడనీ ఆవిడకి ముందే తెలుసు. ఆ ఆటలో ఆవిడకీ చెయ్యుంది. మరి ఆవిడకి ఏం కావాలి? ఒక్క కంటె మాత్రమేనా? పంతులు తనని శంకించకూడదు. పైగా తన మీద పెత్తనం చేసే ఈ మనిషి కాసేపు తన గుమ్మం ముందు నిలబడి బతిమాలుకోవాలి. ఈ కోరికల్లో ఏది ముందో, ఏది వెనకో మీరు తేల్చుకోండి. మీరొకలా తేల్చుకుంటారు, ఇంకొకరు ఇంకోలా తేల్చుకుంటారు. ఎవరి మధురవాణి వాళ్ళది. పాత నాటకం ఇన్నేళ్ళు బతికి ఉండటానికి కారణం అదే.

ఇప్పటిదాకా చెప్పినదాన్ని ఒక్కసారి మూటగట్టుకుందాం. నాటకం అంతా చదవండి. పైకి చదవండి. మీరు చదవబోయే సన్నివేశంలో మీ పాత్రకి ఏం కావాలో, ఎవరి దగ్గర్నుంచి కావాలో ఒక చిన్న వాక్యంగా రాసుకోండి. కాగితం పైన పెన్సిలుతో రాసుకోండి. ఆ వాక్యంలో 'కోపంగా', 'బాధగా', 'గర్వంగా' అనే మాటలు రాయొద్దు. కోపంగా ఉండాలనుకుంటే కోపం రాదు, కోపం నటన వస్తుంది. వీడు నోరు మూసుకోవాలి అనుకోండి. కోపం దానంతట అదే వస్తుంది.

ఇక ఎంపిక రోజు సంగతులు. చిన్నవే కానీ పనికొస్తాయి.

కాగితం ముఖానికి అడ్డం పెట్టుకోకండి. రొమ్ము ఎత్తులో, కొంచెం పక్కగా పట్టుకోండి. చదువుతున్న పంక్తి పక్కన బొటనవేలు ఉంచండి. వాక్యం మొదట్లో కాగితం చూడండి. వాక్యం చివర తలెత్తి ఎదుటి మనిషిని చూడండి. బొటనవేలు అక్కడే ఉంటుంది కాబట్టి మళ్ళీ వెతుక్కోనక్కర్లేదు. ఇంట్లో రోజూ కాసేపు అలా చదివితే చెయ్యి అలవాటు పడుతుంది.

వాక్యం చివర మింగెయ్యకండి. తెలుగులో క్రియ చివర వస్తుంది. చేశాడా, చెయ్యలేదా, చేస్తాడా, అన్నీ ఆ చివరి మాటలోనే ఉంటాయి. ఆ మాట మింగేస్తే సభకి ఏమీ అందదు. వెనక గోడ దగ్గర ఒక పెద్దాయన కూర్చున్నాడనుకోండి. ఆయనకి చివరి మాట కూడా వినపడాలి. అరవనక్కర్లేదు. చివరిదాకా ఊపిరి మిగుల్చుకోండి, చాలు.

యాస గురించి చాలామంది అడుగుతారు. మాది నల్గొండ, మాది నెల్లూరు, మాది అనంతపురం, ఈ విజయనగరం మాట మాకెలా వస్తుందని. దర్శకుడు మొదటి రోజే యాస అడగడు. అది రిహార్సల్స్‌లో పట్టుకోవచ్చు. తెచ్చిపెట్టుకున్న యాసతో చదివితే మనసంతా యాస మీదే ఉంటుంది, ఎదుటి మనిషి మాట వినపడదు. ఎంపికకి మీ గొంతుతోనే వెళ్ళండి. గురజాడ రాసిన మాటని మాత్రం మార్చకండి. ఆయన రాసిన మాట ఆయన రాసినట్టే అనండి.

వేషం వేసుకుని వెళ్ళకండి. మన నాట్యశాస్త్రం అభినయాన్ని నాలుగు రకాలుగా చెప్పింది. ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్వికం. ఇందులో ఆహార్యం, అంటే దుస్తులు, నగలు, రంగు, అవి సమాజం వాళ్ళు చూసుకుంటారు. మీరు తీసుకెళ్ళాల్సినవి మిగతా మూడూ. కదలడానికి వీలుగా ఉండే శుభ్రమైన బట్టలు కట్టుకుని, చెప్పిన వేళకి కాస్త ముందే వెళ్ళండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. మీరు చదివాక దర్శకుడు, మళ్ళీ ఇంకోలా చదవండి అనొచ్చు. చాలామంది ఆ మాటకి కుంగిపోతారు. బాగా చెయ్యలేదు కాబోలు అనుకుంటారు. నిజానికి అది శుభసూచన. వద్దనుకున్న మనిషిని ఎవరూ రెండోసారి చదవమనరు. మీరు మాట వింటారా, మారగలరా, మీతో రెండు మూడు నెలలు రిహార్సల్స్ చెయ్యగలమా అని చూస్తున్నాడు. కాబట్టి వాదించకండి. నేను ఇంట్లో ఇలా అనుకున్నానండీ అని వివరణ ఇవ్వకండి. వినండి. వెంటనే చేసి చూపించండి. తప్పయినా ఫర్వాలేదు.

రిహార్సల్స్‌కి ఏ రోజులు రాగలరో ముందే నిజం చెప్పండి. నైట్ డ్యూటీ ఉంటే చెప్పండి. ఇంట్లో పెళ్ళి ఉంటే చెప్పండి. వేషం పోతుందేమోనని దాచకండి. ఒక్కరు రాకపోతే ఆ సాయంత్రం పదిమంది పని ఆగిపోతుంది. ఊరి నాటక సమాజాన్ని నిలబెట్టేది ప్రతిభ ఒక్కటే కాదు, సాయంత్రం ఆరున్నరకి వచ్చి కూర్చునే మనుషులు కూడా.

అక్కచెల్లెళ్ళకి ప్రత్యేకంగా ఒక మాట. ఒకప్పుడు మన రంగస్థలం మీద ఆడ వేషాలు మగవాళ్ళే వేసేవారు. స్థానం నరసింహారావు గారి సత్యభామ అలా వచ్చిందే. ఆయన కళ గొప్పది, 1956లో పద్మశ్రీ ఇచ్చి దేశం ఆయన్ని గౌరవించింది. అయితే ఆడవాళ్ళ పాత్రలు ఆడవాళ్ళే వెయ్యాలని బళ్ళారి రాఘవ గారు ఆ రోజుల్లోనే పట్టుబట్టారు. చదువుకున్న స్త్రీలని రంగస్థలానికి తీసుకొచ్చారు. ఇప్పటికీ మన సమాజాల్లో ఆడ పాత్రకి మనిషి దొరకడం కష్టంగానే ఉంది. మీ ఊళ్ళో మధురవాణి లేక, వెంకమ్మ లేక, మీనాక్షి లేక ఆగిపోయిన నాటకం ఉండే ఉంటుంది. రండి. ఒంటరిగా రావడానికి ఇబ్బందైతే చెల్లెల్నో, స్నేహితురాలినో వెంటబెట్టుకుని రండి. వయసు అడ్డం కాదు. పూటకూళ్ళమ్మకి చీపురు పట్టుకునే చెయ్యి ఉండాలి, గట్టి గొంతు ఉండాలి. అరవై ఏళ్ళ ఆవిడైతే ఇంకా మంచిది.

నాటక సమాజాల పెద్దలకి కూడా ఒక విన్నపం. చదివించబోయే కాగితాలు రెండు రోజుల ముందే ఇవ్వండి. వచ్చినవాళ్ళని కూర్చోబెట్టి మంచినీళ్ళివ్వండి. ఒక్క వాక్యానికే చాలమ్మా అనకండి. రెండు నిమిషాలైనా చదవనివ్వండి. వేషం ఇవ్వకపోతే ఆ సంగతి ఫోను చేసి మర్యాదగా చెప్పండి. ఈ ఏడు వద్దనిపించుకున్న మనిషి పైయేడు మళ్ళీ రావాలి కదా.

మీకు వేషం రాకపోతే? గిరీశం ఒక్కడే ఉంటాడు. మధురవాణి ఒక్కతే ఉంటుంది. కానీ కన్యాశుల్కంలో బాకీ వసూలుకి వచ్చే నౌకరు ఉన్నాడు, హెడ్డు కానిస్టేబు ఉన్నాడు, దుకాణదారు ఉన్నాడు, బైరాగి ఉన్నాడు. వాళ్ళందరికీ ఏదో ఒకటి కావాలి. బాకీ వసూలు చెయ్యకుండా వెళ్తే ఆ నౌకరుకి యజమాని చేతిలో చీవాట్లు తప్పవు. గిరీశానికి కూడు ఎంత అవసరమో, వాడికి ఆ డబ్బు అంత అవసరం. అలా వేస్తే చిన్న వేషం అంటూ ఉండదు. అదీ దొరకకపోతే ప్రాంప్టింగ్ అడగండి. తెర పక్కన పుస్తకం పట్టుకుని కూర్చున్న మనిషికి నాటకం అంతా కంఠతా వస్తుంది. ఎవరు ఏ మాట దగ్గర తడబడతారో ఆ మనిషికే ముందు తెలుస్తుంది. వచ్చే నాటకానికి అంతకంటే మంచి తయారీ లేదు.

నూట పాతికేళ్ళు దాటింది ఈ నాటకం అచ్చయి. ఇంకా దీన్ని మన ఊళ్ళల్లో ఆడుకోవాలంటే కొత్త మనుషులు ముందుకి రావాలి. పుస్తకంలో ఉన్నంతకాలం గిరీశానికి గొంతు లేదు, బుచ్చమ్మకి ముఖం లేదు. అవి మనం ఇవ్వాలి. అందుకని మీ ఊళ్ళో పాత్రల ఎంపిక అని విన్నప్పుడు, నాకేం వస్తుందిలే అని ఇంట్లో కూర్చోకండి. నాటకం చదవండి. మీ పాత్రకి ఏం కావాలో, ఎవరి దగ్గర్నుంచి కావాలో తెలుసుకోండి. ఎదుటి మనిషి మాట వినండి. ధైర్యంగా వెళ్ళి వేషం అడగండి.